పబ్‌లో క్యాస్క్ బిట్టర్ రుచి చూడటం ఎలా: మొదటి గుక్క నుంచి గ్లాసు అడుగు దాకా

తాటికల్లు గురించి మన పల్లెల్లో ఎవరినడిగినా ఒకటే చెబుతారు. పొద్దున్నే దించింది తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది, సాయంత్రానికి అది వేరే సరుకు. ముంతలో పోశాక కూడా లోపల పని జరుగుతూనే ఉంటుంది. ఇంగ్లండ్ పబ్బుల్లో బార్ మీది పొడవాటి పిడి లాగి పోసే క్యాస్క్ బిట్టర్ అనే పీపా బీరు కూడా అలా బతికున్న పానీయమే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఈ దేశానికి వచ్చిన కొత్తల్లో రైల్వే స్టేషన్ పక్కన ఒక పబ్‌లో నేను తాగిన మొదటి బిట్టర్ పుల్లగా, గోరువెచ్చగా, ప్రాణం లేనట్టు ఉంది. బిట్టర్ అంటే ఇంతే కాబోలు అనుకుని దాదాపు ఏడాది దాని జోలికి పోలేదు. తర్వాత ఆఫీసులో ఒక మిత్రుడు యార్క్‌షైర్‌లో తన ఊరి పబ్‌కి తీసుకెళ్లి అరపింట్, అంటే పావులీటరుకి కాస్త ఎక్కువ, చేతిలో పెట్టాడు. రెండో గుక్కకే నాకు మొదటి రోజు పోసింది పాడైన బీరని తెలిసిపోయింది. మీకు అలా ఏడాది పోకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

గ్లాసులో ఏముంది

మాల్ట్ చేసిన, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, చేదునిచ్చే హాప్ పువ్వులు, పులియబెట్టే ఈస్ట్, నీళ్లు. ముఖ్యమైనవి ఈ నాలుగే. 19వ శతాబ్దంలో పేల్ ఏల్ అనే లేత రంగు బీర్లు పబ్బుల్లోకి వచ్చినప్పుడు, అప్పటికి అలవాటైన మైల్డ్ అనే బీరు కంటే చేదుగా ఉన్నాయని తాగేవాళ్లే వాటిని బిట్టర్ అని పిలిచారు. పేరు చూసి భయపడకండి, కాకరకాయ చేదు కాదిది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు మిగతా రుచులన్నీ అయ్యాక వెనకనుంచి వచ్చి చివర్లో నిలబడుతుంది చూడండి, ఈ చేదు నడక కూడా అదే.

దీన్ని బ్రూవరీలో, అంటే బీరు కాచే చోట, పూర్తిగా వడకట్టి, ఈస్ట్‌ని చంపేసి పంపరు. ఈస్ట్ బతికుండగానే పీపాలో పోస్తారు. పబ్ కింద ఉండే సెల్లార్ అనే నేలమాళిగలో ఆ పీపాని అడ్డంగా పడుకోబెట్టి, పైనున్న బిరడా మధ్యలో గాలి ఆడే మెత్తని మేకు ఒకటి దిగ్గొడతారు. చాలాచోట్ల అది వెదురుదే. లోపల ఎక్కువైన గ్యాస్ ఆ మేకులోంచి నురగగా పొంగి బయటికి వచ్చేస్తుంది. పొంగు తగ్గాక గట్టి చెక్క మేకు మారుస్తారు. ఈస్ట్ అడుగుకి దిగి బీరు తేటపడేదాకా ఆగి, అప్పుడు అమ్మకానికి పెడతారు. మామూలు పీపాని ఫర్కిన్ అంటారు. దాంట్లో 9 గ్యాలన్లు, అంటే 72 పింట్లు పడతాయి. బీరు తీయడం మొదలుపెట్టగానే ఆ ఖాళీలోకి గాలి చేరుతుంది. అక్కడినుంచి సుమారు మూడు రోజులే దాని మంచి వయసు.

శాకాహారులకు ఒక మాట ఇక్కడే చెప్పాలి. బీరు త్వరగా తేటపడటానికి చాలా బ్రూవరీలు ఐసింగ్లాస్ అనే పదార్థం వేస్తాయి. అది చేపల ఈతతిత్తి నుంచి తీసేది. చాలావరకు ఈస్ట్‌తో పాటే పీపా అడుగున ఉండిపోతుంది గానీ, పట్టింపు ఉన్నవాళ్లకు ఆ జవాబు చాలదు. అన్‌ఫైన్డ్ అని గానీ వీగన్ అని గానీ రాసి ఉన్న బీరు అడగండి. పబ్‌లో ఎవరూ వింతగా చూడరు.

మొదటి అడుగు: పబ్‌ని ఎంచుకోవడం

సగం రుచి ఇక్కడే తేలిపోతుంది. బ్రూవరీ ఎంత గొప్పదైనా, సెల్లార్ చూసుకునే మనిషి అశ్రద్ధగా ఉంటే ఆ బీరు గ్లాసులోకి వచ్చేసరికి అయిపోయినట్టే.

బార్ మీద హ్యాండ్‌పంపులు, అంటే ఆ పొడవాటి పిడులు, ఎక్కువ ఉంటే మంచి పబ్ అనుకుంటారు కొత్తవాళ్లు. చిన్న లెక్క వేయండి. ఒక్కో పీపాలో 72 పింట్లు, వాటికి మూడు రోజుల గడువు. అంటే ఒక్కో పంపు మీద రోజుకి 24 పింట్లు అమ్ముడుపోవాలి. పది పంపులుంటే 240 పింట్లు. మంగళవారం రాత్రి ఎనిమిదింటికి ఆ పబ్‌లో ఆరుగురే కూర్చుని ఉంటే ఆ పది పీపాల్లో ఎన్ని తాజాగా ఉంటాయో మీరే ఊహించండి. మూడే పంపులుండి జనం నిండుగా ఉన్న చోటు నాకెప్పుడూ ఎక్కువ నమ్మకం.

ఇంకో గుర్తు, గుమ్మం దగ్గర క్యాస్క్ మార్క్ అనే ఫలకం. బీరు ఉష్ణోగ్రత, రూపం, వాసన, రుచి తనిఖీ చేసి ఇస్తారు దాన్ని. క్యామ్రా వాళ్ల గుడ్ బీర్ గైడ్ కూడా ఉపయోగపడుతుంది. 1960లలో పెద్ద కంపెనీలు గ్యాస్ ఎక్కించిన కెగ్ బీర్ల వైపు మళ్లడంతో క్యాస్క్ బీరు కనుమరుగైపోతుందని బెంగపడిన నలుగురు మిత్రులు 1971లో పెట్టిన సంఘమే క్యామ్రా. 1974 నుంచి ఆ గైడ్ వస్తోంది. ఈ రోజు మనకు పబ్‌లో బిట్టర్ దొరుకుతోందంటే అందులో వాళ్ల పట్టుదల పాలు చాలా ఉంది.

లండన్‌లో ఉంటే కోవెంట్ గార్డెన్ దగ్గరి ది హార్ప్, లేదా బరో అనే పేటలో టాబర్డ్ స్ట్రీట్ మీది రాయల్ ఓక్ చూడండి. రెండోదాంట్లో ససెక్స్‌లోని లూయిస్ పట్టణం నుంచి వచ్చే హార్వీస్ బీర్లుంటాయి. లీడ్స్‌లో ఉన్నవాళ్లకు 1715 నాటి విట్‌లాక్స్ ఉండనే ఉంది. ఇంకాస్త ఓపికుంటే రైలెక్కి కీత్లీ వెళ్లి బోల్ట్‌మేకర్స్ ఆర్మ్స్‌లో టిమోతీ టేలర్ బ్రూవరీ వాళ్ల లాండ్‌లార్డ్ అనే బిట్టర్ తాగండి. అది తయారయ్యేది ఆ ఊళ్లోనే.

వేళ కూడా ముఖ్యం. తలుపులు తీయగానే మొదటి పింట్ మీది కాకుండా చూసుకోండి. సెల్లార్ నుంచి పంపు దాకా ఉన్న గొట్టంలో రాత్రంతా నిలిచిన బీరు దాన్ని పారబోయని చోట మీ గ్లాసులోకే వస్తుంది. గురువారం, శుక్రవారం సాయంత్రాలు మంచివి. ఆ రోజు మధ్యాహ్నం ఆవకాయో, గొడ్డు కారం వేసిన కూరో తిని వెళ్లకండి. కారం మీద ఇంత సున్నితమైన రుచి తెలియదు.

రెండో అడుగు: బార్ దగ్గర

టేబుల్ దగ్గర కూర్చుంటే మామూలుగా ఎవరూ రారు. మనమే బార్ దగ్గరికి వెళ్లాలి. అక్కడ కంటికి కనిపించే క్యూ ఉండదు గానీ, ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు. మీ కంటే ముందొచ్చిన మనిషి ఉండగా మిమ్మల్ని అడిగితే "ఆయన ముందు" అని చెప్పండి. ఈ ఒక్క మాటతో మీరు ఆ పబ్ మనిషైపోతారు. డబ్బులు ఊపడం, పిలవడం వద్దు. బార్ అంచున నిలబడి చూస్తుంటే చాలు.

ప్రతి హ్యాండ్‌పంపుకీ ముందు ఒక బొమ్మ బిళ్ల ఉంటుంది. బీరు పేరు, బ్రూవరీ, ఆల్కహాల్ శాతం దాని మీదే ఉంటాయి. బిళ్ల వెనక్కి తిప్పి ఉంటే ఆ బీరు అయిపోయిందనో, ఇంకా సిద్ధం కాలేదనో అర్థం. 4 శాతం లోపువి మామూలు బిట్టర్లు, 4 నుంచి నాలుగున్నర దాకా బెస్ట్ బిట్టర్లు, ఆ పైవి స్ట్రాంగ్ బిట్టర్లు. మొదటిసారికి నా సలహా బెస్ట్ బిట్టర్. 4 శాతం హార్వీస్ ససెక్స్ బెస్ట్ గానీ, 4.3 శాతం లాండ్‌లార్డ్ గానీ దొరికితే ఇంకేమీ వెతకొద్దు. సఫోక్ తీరం వైపు వెళ్తే ఆడ్నమ్స్ సౌత్‌వోల్డ్ బిట్టర్ తాగండి, 3.7 శాతమే అయినా రుచి నిండుగా ఉంటుంది. 5.5 శాతం ఫుల్లర్స్ ఈఎస్‌బీ అనే స్ట్రాంగ్ బిట్టర్ అద్భుతమే గానీ మొదటి రోజుకి బరువు.

ఏది తీసుకోవాలో తెలియకపోతే "ఈ రోజు ఏది బాగా కదులుతోంది?" అని అడగండి. ఎక్కువ అమ్ముడవుతున్నదే తాజాగా ఉంటుంది. రుచి చూడటానికి కాస్త పోయమన్నా చిన్న గ్లాసులో పోసిస్తారు. అరపింట్ అడగడం నామోషీ ఏమీ కాదు, రుచి నేర్చుకునేవాళ్లకు అదే సరైన కొలత. పింట్ అంటే 568 మిల్లీలీటర్లు. 4 శాతం బిట్టర్ ఒక పింట్ తాగితే సుమారు 2.3 యూనిట్లు, ఒక యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల ఆల్కహాల్. వారానికి 14 యూనిట్లు దాటొద్దని ఇక్కడి వైద్యుల సూచన. 18 నిండనివాళ్లకు మందు అమ్మరు, వయసు తక్కువగా కనిపిస్తే కార్డు అడుగుతారు. కారు ఇంటి దగ్గరే వదిలేసి రండి.

మూడో అడుగు: పోసేటప్పుడు చూడండి

డబ్బు కట్టే హడావుడిలో చాలామంది ఇది చూడరు. ఆ పంపుకి కరెంటు లేదు, గ్యాస్ లేదు. చెయ్యి లాగినప్పుడు సెల్లార్‌లోంచి బీరు పైకి ఎక్కుతుంది, మన ఊళ్లో బోరింగు కొట్టినట్టే. ఒక నిండు లాగుడుకి సుమారు అరపింట్ వస్తుంది. మంచి చెయ్యి అయితే లాగుడు నిదానంగా, ఒకే ఊపుగా ఉంటుంది.

పంపు ముక్కు చివర చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ మూత ఉందేమో గమనించండి. దాన్ని స్పార్క్‌లర్ అంటారు. ఉత్తరాన, ముఖ్యంగా యార్క్‌షైర్‌లో, అది లేకుండా సాధారణంగా పోయరు. బీరు సన్నని ధారలుగా చీలి, మీగడలాంటి దట్టమైన నురగ కడుతుంది. దక్షిణాన సాధారణంగా వాడరు, నురగ పల్చగా ఉంటుంది. స్పార్క్‌లర్ వాడితే నోట్లో మెత్తదనం పెరుగుతుంది, చేదు కొంచెం నురగలోకి వెళ్తుంది, బీరులో ఉన్న గ్యాస్ కొంత తగ్గుతుంది. ఉత్తరాది బ్రూవరీలు ఆ సంగతి లెక్కలో పెట్టుకునే కాస్తాయి కాబట్టి, లాండ్‌లార్డ్‌ని స్పార్క్‌లర్‌తోనూ హార్వీస్‌ని అది లేకుండానూ తాగడం నాకిష్టం.

నురగ మరీ ఎక్కువై బీరు తక్కువగా కనిపిస్తే "కొంచెం టాప్ అప్ చేస్తారా" అంటే పోస్తారు. అది అడగదగ్గ మాటే.

నాలుగో అడుగు: కన్ను, ముక్కు

గ్లాసుని కిటికీ వైపో, దీపం వైపో ఎత్తి చూడండి. చింతపండుతో తోమిన రాగి చెంబు రంగు, లేదా ముదురు తేనె రంగు. అన్‌ఫైన్డ్ బీరు కాకపోతే అవతలి వేళ్లు తేటగా కనిపించాలి. అడుగు నుంచి బుడగలు బుసబుసా లేవవు, అక్కడక్కడా నిదానంగా లేస్తాయి. చల్లగా తాగే లాగర్ రకం బీరులో ఉన్న గ్యాస్‌లో సగం కూడా ఇందులో ఉండదు.

గ్లాసుని పట్టుకుంటే మంచులా తగలదు, వెచ్చగానూ ఉండదు. 11 నుంచి 13 డిగ్రీలు దీనికి సరైన చల్లదనం. ఫ్రిజ్ నీళ్లకూ కూజా నీళ్లకూ ఉన్న తేడా మనకు చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్ వాళ్లు వేడి బీరు తాగుతారన్న మాట ఎవరు పుట్టించారో గానీ, మంచి పబ్‌లో ఒక్క అరపింట్ తాగితే అది నిలవదు.

ముక్కు దగ్గర పెట్టుకుని చిన్నగా రెండుసార్లు పీల్చండి. ముందు మాల్ట్ వస్తుంది: బిస్కెట్, అప్పుడే కాల్చిన బ్రెడ్ అంచు, బెల్లం పాకం. దాని వెనక హాప్స్. ఇంగ్లండ్‌లో పండే ఫగుల్, ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ లాంటి రకాలు అమెరికన్ హాప్స్‌లా మామిడిపండు వాసన కొట్టవు. ఎండుగడ్డి, టీ ఆకు, నారింజ తొక్క, కొంచెం తడిమట్టి. ఈ వాసనలు గట్టిగా రావు, వెతుక్కోవాలి. బర్టన్ అపాన్ ట్రెంట్ బీర్లలో అగ్గిపుల్ల గీసినప్పటి గంధకం వాసన ఒక క్షణం తగిలి పోతుంది. అది లోపం కాదు, అక్కడి నీళ్లలోని జిప్సం వల్ల వచ్చేది. ఒకప్పుడు ఓడల్లో మన దేశానికి వచ్చిన ఇండియా పేల్ ఏల్‌కి ఆ ఊరు పేరుపడింది కూడా ఆ నీళ్ల వల్లే.

ఐదో అడుగు: నోరు

ఇక్కడ తొందర వద్దు. మొదటి గుక్కని తీర్పు చెప్పడానికి వాడకండి, అది నోరు కడుక్కోవడానికి. రెండో గుక్క కాస్త పెద్దది తీసుకుని, నాలుక అంతటా ఒకసారి తిప్పి మింగేయండి. వైన్ రుచి చూసేవాళ్లలా ఉమ్మేస్తే లాభం లేదు. బిట్టర్ అసలు కథ మింగాకే మొదలవుతుంది.

రుచులు ఏ వరసలో వస్తున్నాయో గమనించండి. ముందు మాల్ట్ తీపి, పంచదార తీపి కాదు, బాగా నమిలిన అన్నంలో తెలిసే లాంటి తీపి. తర్వాత పండు వాసన, ఇది ఈస్ట్ పని. ఆ తర్వాత చేదు నెమ్మదిగా పైకి వచ్చి తీపిని పక్కకు జరుపుతుంది. మింగాక మనసులో ఇరవై లెక్కపెట్టండి. చేదు శుభ్రంగా ఆరిపోతూ చివర కాస్త వగరు మిగులుతుంది. మన భాషలో వగరు అనే మాట ఉండటం ఎంత అదృష్టమో బిట్టర్ తాగేటప్పుడు తెలుస్తుంది. బ్లాక్ టీ తాగాక, పచ్చి జామకాయ కొరికాక నాలుక మీద మిగిలే ఆ పొడిదనమే ఇది. నోరు ఆరినట్టై ఇంకో గుక్క అడుగుతుంది. మంచి బిట్టర్ లక్షణమంతా ఆ అడగడంలోనే ఉంది.

లాండ్‌లార్డ్ బాగున్న రోజు నాకు ఎలా ఉంటుందో చెబుతాను. నురగ పెదవికి తగలగానే నారింజ తొక్క నలిపిన వాసన. తర్వాత తేనె రాసిన రొట్టె. నాలుక మీద సూదిమొనల్లాంటి చిన్న చురుకు, అది పీపాలోనే పుట్టిన గ్యాస్. ఆ చురుకు ఉంటే బీరు ప్రాణంతో ఉన్నట్టు. అది లేకపోతే మిగతా రుచులన్నీ ఉన్నా ఉప్పు మరిచిన పప్పులా ఉంటుంది. చివర్లో ద్రాక్షపండు గింజ కొరికినంత చేదు, ఒక నిమిషం దాకా.

సగం గ్లాసు అయ్యాక పది నిమిషాలు ఆగండి. పక్కనున్న మనిషితో మాట్లాడండి, బిట్టర్ ఉన్నది కూడా అందుకే. గదిలో వేడికి గ్లాసు రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది. ఇప్పుడు తాగితే మాల్ట్ ముందుకొస్తుంది, ఇందాక తెలియని పండు వాసన తెలుస్తుంది. మంచి బీరైతే ఈ రెండో సగమే బాగుంటుంది. లోపముంటే అదీ ఇప్పుడే బయటపడుతుంది. గ్లాసు లోపలి గోడ మీద గుక్కగుక్కకీ నురగ వలయం మిగులుతుంటే గ్లాసు జిడ్డు లేకుండా కడిగారని అర్థం.

నంజుకోవడానికి వేయించిన పల్లీలు, చెడ్డార్ చీజ్ బాగా కుదురుతాయి. పోర్క్ స్క్రాచింగ్స్ అనే ప్యాకెట్లు బార్ వెనక వేలాడుతుంటాయి. అవి పందిచర్మం వేపుడు, తినని వాళ్లు చూసుకోండి.

ఆరో అడుగు: బాగాలేనప్పుడు

నేను మొదటి రోజు చేయనిది ఇదే. తిరిగి ఇవ్వాల్సిన లోపాలు నాలుగైదు ఉన్నాయి. వెనిగర్ పులుపు వస్తే పీపా గడువు దాటినట్టు. తడిసిన అట్టముక్క వాసన వస్తే గాలి సోకినట్టు. ఆసుపత్రి మందు వాసన వస్తే గొట్టాలో, పీపాయో శుభ్రంగా లేనట్టు. మామూలుగా తేటగా ఉండే బీరు బియ్యం కడిగిన నీళ్లలా వస్తే పీపా అడుగు మడ్డి గ్లాసులోకి వచ్చిందన్నమాట. వెన్న, బటర్‌స్కాచ్ వాసన కొంచెం తగిలితే కొన్ని బీర్లలో సహజమే, అదొక్కటే ముంచెత్తితే లోపం.

రెండు గుక్కలకే గ్లాసుని బార్ దగ్గరికి తీసుకెళ్లండి. సగం తాగాక తీసుకెళ్తే నమ్మడం కష్టం. గొంతు పెంచక్కర్లేదు. "ఇది కొంచెం పులిసినట్టుంది, మీరొకసారి చూస్తారా?" అంటే చాలు. మంచి పబ్‌లో అక్కడే వాసన చూసి, మాట్లాడకుండా ఇంకో బీరు పోసిస్తారు, ఆ పంపు బిళ్ల తిప్పేస్తారు కూడా. చేదు నచ్చలేదని మాత్రం తిప్పి ఇవ్వకూడదు, అది బీరు తప్పు కాదు.

ఏడో అడుగు: అదే పీపా, మూడు రోజులు

నాలుక పదును పెట్టుకోవడానికి నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఇది. ఇంటికి దగ్గర్లో మంచి పబ్ చూసుకుని, బిట్టర్ కొత్త పీపా ఎప్పుడు తెరుస్తారో అడగండి. చెబుతారు, అడిగినందుకు సంతోషిస్తారు కూడా. ఆ రోజూ, మర్నాడూ, మూడో రోజూ వెళ్లి ఒక్కో అరపింట్ తాగండి. ఫోన్‌లో రెండు ముక్కలు రాసుకోండి. క్యామ్రా వాళ్లు బీరు స్థితికి 0 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు, 0 తాగలేనిది, 3 బాగున్నది, 5 వంక పెట్టలేనిది. మీరూ అలాగే వేయండి.

నేను చేసినప్పుడు మొదటి రోజు చురుకు ఎక్కువగా, రుచులు విడివిడిగా, చేదు కాస్త గరుకుగా ఉంది. మూడు వేశాను. రెండో రోజు అన్నీ కలిసిపోయాయి, పాకం కుదిరినట్టు. నాలుగున్నర. మూడో రోజు రాత్రి తొమ్మిదింటికి వెళ్తే చురుకు తగ్గింది, వెనకాల యాపిల్ తొక్క లాంటి పులుపు సన్నగా మొదలైంది. రెండు. నా ముఖం చూసి సెల్లార్ చూసుకునే ఆవిడ నా గ్లాసులోంచే వాసన చూసి, ఏమీ అనకుండా కిందికి వెళ్లి ఆ పీపా కుళాయి కట్టేసి వచ్చింది.